నాయనమ్మ సవరం, సత్యభామ జడ, ఒక భాగోతం

మొన్న ఆదివారం మా అమ్మాయి డాలస్ నుంచి వీడియో కాల్ చేసింది. నా వెనక టీవీలో వార్తలు నడుస్తున్నాయి. ఎవరో అధికారి ఇంట్లో సోదాలు, మంచం మీద పరిచిన నోట్ల కట్టలు, కింద ఎర్ర పట్టీలో "బయటపడిన భాగోతం" అని పెద్ద అక్షరాలు. మా మనవరాలికి తొమ్మిదేళ్లు. అక్కడ కూచిపూడి నేర్చుకుంటోంది, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. అది ఫోన్లోంచే టీవీ చదివేసి, "తాతయ్యా, భాగోతం అంటే బ్యాడ్ వర్డా?" అంది. ఎందుకమ్మా ఆ అనుమానం అంటే, వాళ్ల డాన్స్ టీచర్ గారు క్లాసులో భాగవతులనీ, భాగవత మేళమనీ ఏదో చెప్పారట, ఈ మాట కూడా అలాగే వినిపిస్తోంది కదా, మరి దొంగ డబ్బుల పక్కన ఎందుకు రాశారు అని.

ముప్ఫై ఏళ్లు తెలుగు పత్రిక డెస్కులో కూర్చుని వార్తలకు హెడ్డింగులు పెట్టిన మనిషిని. ఆ మాటని నేనే ఎన్ని వందల సార్లు వాడి ఉంటానో లెక్క లేదు. "తర్వాత చెప్తాలే బంగారం" అని అప్పటికి తప్పించుకున్నాను గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? మా నాయనమ్మ సవరం దగ్గర మొదలుపెట్టాలి.

మా ఊరు కృష్ణా జిల్లాలో, పామర్రు నుంచి చల్లపల్లి పోయే రోడ్డుకి కాస్త లోపలగా, కాలవ గట్టు మీద ఉంటుంది. కూచిపూడి సైకిల్ మీద పోయేంత దూరం. ఆ పక్కనే మొవ్వ, క్షేత్రయ్య పదాల్లో మువ్వగోపాలుడి ఊరు. ఇంత దగ్గర్లో ఉండి మేము పెద్ద కళాపోషకులం అనుకునేరు, అదేం లేదు. మా ఊళ్లో కూచిపూడి నాట్యం అన్న మాట నా చిన్నప్పుడు ఎవరి నోటా వినలేదు. డాన్సు అంటే సినిమాలోదీ, రికార్డింగ్ డాన్సువాళ్లదీ. కూచిపూడి వాళ్లు ఆడేది బాగోతం. "మొవ్వలో బాగోతం ఆడుతున్నారంట", "ఈ ఏడు మనూళ్లో బాగోతం కట్టిద్దామా" ఇలాగే అనేవాళ్లు. 'భా'కి వత్తు కూడా ఉండేది కాదు. గోదావరిని గోదారి చేసుకున్న నోళ్లు, భాగవతాన్ని బాగోతం చెయ్యడం ఒక లెక్కా.

1977లో దివిసీమ ఉప్పెన వచ్చింది కదా, నవంబరులో. మా వైపు వాళ్లం ఇప్పటికీ ఏదైనా చెప్పాలంటే ఉప్పెనకి ముందు, ఉప్పెనకి తర్వాత అనే చెప్తాం. ఇది ఉప్పెనకి ముందు వేసవి. కుప్పనూర్పిళ్లయ్యాక ఇంటింటికీ చందాలు పోగుచేసి ఒక మేళాన్ని పిలిచారు. పేరున్న పెద్ద మేళమేం కాదు, ఏడెనిమిది మంది, ఒక మృదంగం, ఒక ఫిడేలు, రెండు ట్రంకు పెట్టెలు, కొన్ని మూటలు. అవన్నీ ఎక్కించుకున్న ఎడ్లబండి మా కాలవ రేవు దగ్గర గట్టు ఎక్కుతూ ఒక పక్కకి ఒరిగింది. మనుషులకేం కాలేదు, ఎద్దులకేం కాలేదు, ఒక మూట మాత్రం దొర్లి నీళ్లలో పడింది. అందులో జుట్టు సామాను ఉందట.

మధ్యాహ్నం మూడింటికి ఒకాయన మా ఇంటికొచ్చాడు. తెల్లగా, సన్నగా, కళ్లకి పోయిన ఏటి కాటుక ఇంకా మిగిలి ఉన్నట్టు ఉన్నాడు. అరుగు మీద మా తాతయ్యకి దణ్ణం పెట్టి, "బాబుగారూ, ఇంట్లో అమ్మగారి దగ్గర సవరం ఉందని చెప్పారండి. ఒక్క రాత్రికి ఇప్పిస్తే, తెల్లారేసరికి తెచ్చి ఇచ్చుకుంటాం" అన్నాడు. ఎవరు చెప్పారో మరి. ఆడవాళ్ల సవరం సంగతి ఊరందరికీ తెలియడం మా నాయనమ్మకి తలవంపులు. గుమ్మం వెనక నుంచే "ఎవడ్రా చెప్పింది?" అని అరిచింది. ఆ సవరం మామూలుది కాదు. వాళ్ల అమ్మ, రాలిన జుట్టు ఏళ్ల తరబడి పోగుచేసి కట్టించింది, మూడు పాయలు, మోకాళ్ల దాకా. తెల్ల గుడ్డలో చుట్టి భోషాణం అడుగున పెట్టేది, పెళ్లిళ్లకి తప్ప తీసేది కాదు. పావుగంట గొణిగి, చివరికి "సత్యభామకి కాబట్టి ఇస్తున్నా. చిక్కు పడితే ఊరుకోను" అని గుడ్డతో సహా ఇచ్చింది.

ఆ రాత్రి సంగతి నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. తొమ్మిదేళ్లవాణ్ని, మొదలుపెట్టేసరికే పది దాటింది, రామాలయం ముందు చాప మీద తాతయ్య ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాను. పెట్రోమాక్సు లైట్లు ఉన్నాయి, అయినా చెరో పక్కా ఒకడు ఆముదం కాగడా పట్టుకుని నిలబడ్డాడు, లైట్లుంటే చాలదు, కాగడా లేకపోతే బాగోతమే కాదని పెద్దవాళ్ల పట్టుదల. నిద్రలో ఉండగా భగ్గుమంది. ఉలిక్కిపడి లేచాను. కాగడా మీద గుగ్గిలం పొడి చల్లారు. ఆ మంట ఒక్క క్షణం ఆకాశమంత లేచి పోయింది, ఘాటైన వాసన, కళ్లు చికిలిస్తూ చూస్తే ఎదురుగా ఇద్దరు పట్టుకున్న తెర. ఆ తెర మీద నుంచి, మనిషి ఇంకా కనపడకుండానే, ఒక జడ బయటికి పడింది.

సత్యభామ అలాగే వస్తుంది. ముందు జడ. నాతో సరితూగేవాళ్లు ఎవరైనా ఉంటే రండి అని సవాలు అది. జనమంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. మద్దెల తగ్గింది. సరిగ్గా అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి మా నాయనమ్మ గొంతు, "అదిగో, నా సవరం!"

రామాలయం కప్పు లేచిపోయేలా నవ్వారు. తాతయ్య కండువా మొహం మీదికి లాక్కున్నాడు. తెర వెనక ఉన్న మనిషి గడసరి, ఆ జడని ఇంకోసారి అటూ ఇటూ ఊపి, ఎవరిదైతేనేం ఇప్పుడు నాది అన్నట్టు మెల్లిగా లోపలికి తీసుకున్నాడు. జనం ఈలలు. ఆ తర్వాత తెర దిగి సత్యభామ బయటికొస్తే, మధ్యాహ్నం మా అరుగు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ ఆయనే ఈయన అంటే నేను నమ్మలేదు, ఇప్పటికీ పూర్తిగా నమ్మను. తాతయ్య మాత్రం చప్పరించేశాడు. ఆయన, కూచిపూడిలో ఆడవేషాలకి పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామని చూసినవాడు, 1970లో ఆయనకి పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఊళ్లో కాఫీలు పోయించినవాడు. "జడ బాగుంది, భామ మామూలుగా ఉంది" అని తీర్పు ఇచ్చాడు. నాయనమ్మని ఉడికించడానికి కాదు, నిజంగానే అన్నాడు.

ఆ రాత్రి ఆడిన సత్యభామ కథ, భామాకలాపంలో నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. చెలికత్తె మాధవి వచ్చి, ఇంత వియోగపడిపోతున్నావు కదమ్మా, మీ ఆయన పేరేంటో చెప్పు అంటుంది. మొగుడి పేరు నోటితో ఎలా చెప్పడం? భామ సిగ్గుపడుతుంది, మెలికలు తిరుగుతుంది, చుట్టూ తిప్పి చెప్తుంది, మాధవి అర్థం కానట్టు నటించి మళ్లీ అడుగుతుంది. ఇది అరగంట నడుస్తుంది. ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు, ఎందుకంటే అక్కడున్న ఆడవాళ్లెవరూ మొగుడి పేరు చెప్పరు. మా నాయనమ్మ రేషన్ కార్డు రాసుకోడానికి వచ్చినవాడు పేరడిగితే పక్కింటి పిన్నిని పిలిచి చెప్పించింది. సత్యభామ గొప్పింటి పిల్ల, ద్వారకలో ఉండేది, అయినా దాని బాధ మా రేషన్ కార్డు బాధే. బాగోతం అంటే నాకు అప్పుడు అర్థమైంది అదే. దేవుళ్ల కథ అంటారు గానీ అందరూ మనకి తెలిసినవాళ్లే.

తెల్లారాక సవరం తిరిగొచ్చింది. చిక్కు పడలేదు. రెండు అరటిపళ్లు, తమలపాకులు కూడా పెట్టి ఇచ్చారు. నాయనమ్మ దాన్ని ఎండలో పెట్టింది గానీ తడపలేదు, గుగ్గిలం వాసన పోతుందని. "సత్యభామ పెట్టుకున్న సవరం" అని ఆ ఏడాదంతా రేవులో చెప్పుకుంది. ముందురోజు తలవంపులైన సంగతి ఆవిడే మర్చిపోయింది.

ఇదీ నాకు తెలిసిన మొదటి బాగోతం. రెండోది నాదే.

తొమ్మిదో తరగతిలో ట్యూషన్ ఎగ్గొట్టి చల్లపల్లిలో మ్యాట్నీకి పోయేవాణ్ని. ఒకసారి కాదు, వరసగా నాలుగు శనివారాలు. మాస్టారు మా నాన్నకి సంతలో కనపడి, "మీవాడికి ఒంట్లో ఎలా ఉందండీ?" అని అడిగారు. అంతే. ఇంటికొస్తూనే నాన్న చెప్పులు కూడా విప్పకుండా, "ఏరా, నీ బాగోతమంతా తెలిసింది" అన్నాడు. నాకు వీపు మీద పడ్డవాటి కంటే ఆ మాటే వింతగా అనిపించింది, నేను ట్యూషన్ ఎగ్గొడితే మధ్యలో సత్యభామ ఎందుకొచ్చింది అని. అరుగు మీద నుంచి తాతయ్య గట్టిగా, "ఒరేయ్ అబ్బాయ్, వాణ్ని కొట్టుకుంటే కొట్టుకో. బాగోతం ఏం చేసింది నిన్ను?" అన్నాడు. "మీరూరుకోండి నాన్నా" అని మా నాన్న. తాతయ్య ఆ పూట అన్నం తినలేదు. నా మీద జాలితో అని నేను చాలా ఏళ్లు అనుకున్నాను.

ఆ మాట పుట్టుక ఏమంత దాచిపెట్టిన సంగతి కాదు. భగవంతుడికి సంబంధించింది భాగవతం. భగవంతుణ్ణి నమ్ముకున్నవాడు భాగవతుడు. పోతన గారిది పద్యాల్లో ఉన్న భాగవతం, ఆ కథల్ని ఆడీ పాడీ చూపించేవాళ్లు భాగవతులు, వాళ్లు ఆడేది భాగవతం, నోట్లో నలిగి భాగోతం. మొదట్లో విష్ణు కథలకే ఆ పేరు అయినా, పోను పోను తెర కట్టి రాత్రంతా ఆడే ఏ కథైనా బాగోతమే అయింది. వీధిలో ఆడితే వీధి భాగోతం, శ్రీకాకుళం విజయనగరం వైపు తూర్పు భాగోతం, తెలంగాణలో చిందు భాగోతం.

ఇదే మాట పక్క రాష్ట్రాల్లో ఎంత మర్యాదగా బతుకుతోందో చూస్తే మనకి కాస్త సిగ్గేస్తుంది. తమిళంలో భాగవతర్ అంటే పాడే విద్వాంసుడికి బిరుదు, వాళ్ల తొలి తరం సూపర్‌స్టార్ పేరే త్యాగరాజ భాగవతర్. కన్నడ యక్షగానంలో తాళం పట్టుకుని కథ నడిపించే ప్రధాన గాయకుణ్ణి భాగవత అంటారు, ఆయన లేకపోతే ఆట లేదు. మన దగ్గర మాత్రం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు లంచాల వార్తల్లో.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడేళ్లు మద్రాసులో ఉన్నాను. ఒక మే నెలలో ఆఫీసు మిత్రుడొకడు తంజావూరు దగ్గర మెలట్టూరు తీసుకెళ్లాడు, మీ తెలుగు నాటకం చూద్దువుగాని రమ్మని. నరసింహ జయంతికి అక్కడ భాగవత మేళం ఆడతారు. తంజావూరు నాయక రాజుల్లో అచ్యుతప్ప నాయకుడి కాలంలో తెలుగు బ్రాహ్మణ కుటుంబాలకి అక్కడ ఇళ్లూ పొలాలూ ఇచ్చారు, ఊరికి అచ్యుతాబ్ధి అన్న పేరు అందుకే. తర్వాత మెలట్టూరు వెంకటరామశాస్త్రి రాసిన ప్రహ్లాద చరిత్రం, ఇంకా కొన్ని తెలుగు నాటకాలు, ఇన్ని తరాల తర్వాత కూడా గుడి ముందు వీధిలో ఆడుతున్నారు. నేను చూసినప్పుడు హిరణ్యకశిపుడు వేసినాయన నా పక్కనుంచే వెళ్తూ తమిళంలో ఎవరినో మంచినీళ్లడిగాడు, ఇలా తిరిగి వేదిక మీదికెక్కి గొంతెత్తి తెలుగు అందుకున్నాడు. ఆ యాసలో కొన్ని మాటలు నాకు అందలేదు. కానీ ఆడే ఆయనా, చూసే ముసలమ్మలూ ఒక్క ముక్క పోగొట్టుకోవడం లేదు. నరసింహుడి మొహం పెట్టుకునే ఆయన ఉపవాసం ఉండి పెట్టుకుంటాడట. తెల్లవారుజామున ఆయన బయటికి వస్తే పక్కన నలుగురు పట్టుకోవాల్సొచ్చింది, పూనకం. మా మిత్రుడు చెంపలేసుకున్నాడు. నేను మాత్రం, ఈ మాటని ఇలా కూడా ఉంచుకోవచ్చా అనుకుంటూ చూశాను.

అలా అనుకున్నవాణ్ని, హైదరాబాదు వచ్చి జిల్లా డెస్కులో పడ్డాక ఏం చేశాను?

డెస్కులో పనిచేసినవాళ్లకి తెలుసు, రాత్రి పదకొండున్నరకి పేజీ వదలాలి, కంట్రిబ్యూటర్ పంపిన వార్త ఎనభై లైన్లుంటే అందులో విషయం రెండు లైన్లు, హెడ్డింగుకి సింగిల్ కాలమ్‌లో పట్టేది ఎనిమిదో తొమ్మిదో అక్షరాలు. కుంభకోణం పట్టదు. అవినీతి అంటే చప్పగా ఉంటుంది. గుట్టురట్టు నిన్ననే వాడాం. అప్పుడు చెయ్యి తనంతట తనే భాగోతం కొట్టేస్తుంది. రేషన్ బియ్యం భాగోతం. పింఛన్ల భాగోతం. దొంగ సర్టిఫికెట్ల భాగోతం. వరసగా మూడు రోజులు మూడు పేజీల్లో వచ్చేసరికి ఇన్‌ఛార్జి గారు "ఏవయ్యా, జిల్లాలో బాగోతాలోళ్లందరూ మన పేజీలోనే దిగారా?" అని గదిమారు. భా అనాలా బా అనాలా అని మా మధ్య గొడవ కూడా ఉండేది, ఒత్తు ఉంటే పై లైను కింద లైను ఢీకొంటాయని పేజీలు పెట్టేవాళ్ల ఏడుపు. నేను ఒత్తు పక్షం. మాట పరువు తీస్తూ ఒత్తు కోసం పోట్లాడేవాణ్ని, చూడండి.

అసలు మనకి దేవుడి సామాను అంతా తిట్లకీ ఎకసెక్కాలకీ పనికొచ్చింది. తప్పు చేసినవాడివి లీలలు. అప్పు ఎగ్గొడితే శఠగోపం, పంగనామాలు. సొల్లు చెప్తే హరికథ. డబ్బు పోతే గోవిందా. ఇక ఆట సంగతి చెప్పనే అక్కర్లేదు, వేషాలెయ్యకు, నాటకాలాడకు, ఏంటా కుప్పిగంతులు, ఎందుకలా చిందులు తొక్కుతావ్. తెలుగువాడికి కోపమొస్తే మాటలన్నీ రంగస్థలం మీద నుంచే వస్తాయి. దీన్ని మనవాళ్ల వెటకారం అని సరిపెట్టుకునేవాణ్ని.

చిందులు అన్నప్పుడు ఒక సంగతి. మా డెస్కులో నిజామాబాద్ వైపు తమ్ముడు ఒకడుండేవాడు. ఒకరోజు ఎవరో నాయకుడి మీద "చిందులు తొక్కిన ఎమ్మెల్యే" అని నేను పెడితే, చాలాసేపు స్క్రీన్ వంక చూసి, "అన్నా, మా ఊర్ల చిందోళ్లు ఆడుతుంటే మేం రాత్రంత కూసునేటోళ్లం. చిందు అంటే మాకు ఎల్లమ్మ యాదికొస్తది. గిట్ల రాస్తే మంచిగ లేదు" అన్నాడు. చిందు ఎల్లమ్మ గారు, 2005లో పోయారు, ఆడ వేషం మగ వేషం రెండూ వేసిన మనిషి. కూచిపూడిలో ఆడవాళ్లు గజ్జె కట్టకూడదని మగవాళ్లే భామలైతే, చిందు మేళాల్లో ఇంటిల్లిపాదీ ఆడతారు. 2024లో గడ్డం సమ్మయ్య గారికి చిందు యక్షగానానికి పద్మశ్రీ వచ్చినప్పుడు ఆ తమ్ముడే ఫోన్ చేసి, "అన్నా, ఇయాల హెడ్డింగ్ ఏం పెట్టిన్రో చూసినవా?" అని అడిగాడు. అప్పటికి నేను రిటైరయ్యాను.

నాకు ఈ మాట మీద అసలు ఆలోచన మారింది ఇంకో రాత్రి. పేజీలు వదిలేశాక టీ తాగుతుంటే, కడప జిల్లా పెద్దాయన ఒకరు, మా డెస్కులోనే ఉండేవారు, మాచుపల్లి కైఫీయతు సంగతి చెప్పారు. కైఫీయతులంటే మెకంజీ దొర 1800ల మొదట్లో ఊరూరా మనుషుల్ని పంపి రాయించి పోగుచేసిన ఊళ్ల చరిత్రలు. అందులో ఇలా ఉంది. సిద్ధవటం సీమలో సమ్మెట గురవరాజు అని ఒకడు ఏలేవాడు. సొమ్ము రాబట్టడానికి ఆడవాళ్లని పెట్టిన హింసలు నోటితో చెప్పేవి కావు. కూచిపూడి భాగవతులు ఆ వైపు పోయి అది కళ్లారా చూశారు. అక్కడ నోరెత్తితే తల ఉండదు. గుట్టుగా జారుకుని హంపీ విజయనగరం చేరి, వీరనరసింహరాయల ముందు ఆడే అవకాశం సంపాదించారు. అర్జీ పెట్టలేదు, మొర పెట్టుకోలేదు. ఒకడు గురవరాజు వేషం కట్టాడు, ఇద్దరు బంట్లయ్యారు, ఒకడు ఆడవేషం వేశాడు. అక్కడ జరుగుతున్నది జరుగుతున్నట్టు ఆడి చూపించారు. ఇదేం కథ అని రాయలు అడిగాడు. కథ కాదని తెలిసింది. సైన్యం వెళ్లి గురవరాజుని పట్టుకుంది, వాడి ప్రాణం పోయింది. కూచిపూడి వాళ్ల ఆట గురించి మనకి దొరికే పాత ప్రస్తావనల్లో ఇదొకటి, రాసింది తర్వాతే అయినా సంగతి అయిదొందల ఏళ్ల నాటిది.

టీ చల్లారిపోయింది. పెద్దాయన గ్లాసు పక్కన పెట్టి, "అది గదప్పా భాగోతం బయటపెట్టడమంటే. నువ్వు పెట్టేది హెడ్డింగు" అన్నారు.

ఈ మాటకి ఇప్పటి అర్థం గురవరాజు నుంచే వచ్చిందని నేను అనను. అలా అంటే కథ బాగుంటుంది గానీ అబద్ధమవుతుంది. నేను చూసిన భాగోతాన్ని బట్టి నాకు తోచింది మాత్రం చెప్తాను. భాగోతంలో తెర వెనక నుంచి వచ్చిన ప్రతివాళ్లూ ప్రవేశ దరువులో, అంటే లోపలికి వస్తూ పాడే పాటలో, తామెవరో తామే చెప్పుకోవాలి. పక్కన సూత్రధారుడో మాధవో నిలబడి గుచ్చి గుచ్చి అడుగుతూనే ఉంటారు, నువ్వెవరు, మీ ఆయనెవరు, ఎందుకేడుస్తున్నావు, ఎవరితో తగువు. సత్యభామంతటిదానికి కూడా తప్పదు, ఊరందరి ముందూ కాగడా వెలుతుర్లో నిలబడి మొగుడితో వచ్చిన తగువు దగ్గర నుంచీ మొత్తం కక్కాలి. మా నాన్న సంతలో నా సంగతి విని ఇంటికొచ్చి అన్నది కూడా అదే కదా. తెర దిగింది, ఇక చెప్పు.

మాట కిందికి జారడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది మా వైపు వాళ్లం ఒప్పుకోవడానికి ఇష్టపడం. కూచిపూడి పైకి వెళ్లింది. 1958లో ఢిల్లీలో, ఆ మరుసటేడు హైదరాబాదులో పండితుల సదస్సులు, ఇది శాస్త్రీయ నృత్యమా కాదా అని వాదనలు. 1963లో వెంపటి చినసత్యం గారు మద్రాసులో అకాడమీ పెట్టారు, ఆడపిల్లలు వచ్చి నేర్చుకున్నారు, గంటన్నర నృత్యనాటికలు, మైకులు, సభలు. అంతా మంచికే, అది లేకపోతే డాలస్‌లో మా మనవరాలు అడుగు వేసేది కాదు. కానీ పైకి వెళ్లేటప్పుడు నాట్యం, నృత్యం అన్న మాటలు వెంట తీసుకెళ్లి, బాగోతం అన్న మాటని వీధిలో వదిలేసి వెళ్లారు. వీధిలో వదిలేసిన దాన్ని ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు. మా పత్రికలవాళ్లం ఎత్తుకుపోయాం.

మా తాతయ్య ఆ పూట అన్నం ఎందుకు మానేశాడో నాకు యాభై దాటాక అర్థమైంది. నేను కాదు ఆయన బాధ. ఆయనకి తెలిసిన బాగోతం ఇంకొన్నాళ్లకి ఎవరికీ తెలియదని ఆ రోజే అనిపించి ఉంటుంది, కన్న కొడుకే ఆ మాటని తిట్టుగా వాడుతుంటే.

నిన్న మళ్లీ కాల్ వచ్చింది. మనవరాలికి దసరాకి ప్రోగ్రాం ఉందట, జడ కావాలట. మా అమ్మాయి ఆన్‌లైన్‌లో నైలాన్ జడ చూపించి, బాగుందా నాన్నా అంది. మా ఆవిడకి అప్పుడు గుర్తొచ్చింది, ఊళ్లో ఇల్లు అమ్మినప్పుడు తెచ్చిన ట్రంకు పెట్టెలో నాయనమ్మ సవరం ఉందని. స్టూలేసి అటక మీద నుంచి దింపాను. గుడ్డ పసుపు రంగుకి తిరిగింది గానీ సవరం చెక్కుచెదరలేదు, మూడు పాయలూ అలాగే ఉన్నాయి. కెమెరా ముందు పట్టుకుని, ఇది సత్యభామ పెట్టుకున్న సవరం అని చెప్పాను. బండి ఒరగడం, గుగ్గిలం, "అదిగో నా సవరం" అన్నీ చెప్పాను. ఇదంతా బాగోతంలోనే జరిగిందని కూడా చెప్పాను. కళ్లు పెద్దవి చేసుకుని వింది.

"అది ఎవరి హెయిర్ తాతయ్యా?"

"మా నాయనమ్మ వాళ్ల అమ్మది."

"ఈయూ!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిందా మీదా పడి నవ్వింది. కాస్సేపటికి మళ్లీ దగ్గరికొచ్చి, ఆ ఫైర్ స్మెల్ ఇంకా ఉందా, చూడవా అని అడిగింది. ఫోను బల్ల మీద ఆనించి, సవరం మొహం దాకా తెచ్చుకుని గట్టిగా పీల్చాను.

కలరా ఉండల వాసన.